కర్ణుడి చావుకు కారణాలెన్నో

ఫలితాల రోజులొస్తే మన వీధుల్లో మాటలు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. "మావాడు చిన్నప్పట్నుంచీ లెక్కల్లో చురుకండీ, వస్తుందనే అనుకున్నాం" అంటుందొకావిడ, కొడుకు ర్యాంకు చూసుకుని. అదే ర్యాంకు పక్కింటి పిల్లాడికొస్తే, "ఆ కాలేజీలో పొద్దున ఆరింటి నుంచీ రుద్దుతారు కదా, రాక ఏం చేస్తుంది" అంటుంది. మనవాడికి రాకపోతే పేపరు కష్టంగా ఇచ్చారు, ముందురోజు జ్వరం తగిలింది, సెంటరు ఊరవతల వేశారు. పక్కింటివాడికి రాకపోతే, "ఎప్పుడు చూసినా చేతిలో ఫోనే కదమ్మా."

ఆవిడ అబద్ధాలాడుతోందని నేననను. కొడుక్కి జ్వరం వచ్చిన రాత్రి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది ఆవిడే. పక్కింటి పిల్లాడికీ ఆ వారమే జ్వరం వచ్చి ఉండొచ్చు. కానీ ఆవిడ కంటపడింది మాత్రం సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న కుర్రాడు. మన బతుకు మనకు లోపల్నుంచి తెలుసు, ఎదుటివాళ్ల బతుకు గుమ్మం దాకానే తెలుసు. తీర్పులు తప్పేది చాలావరకు ఆ గుమ్మం దగ్గరే.

ఇదంతా కాలక్షేపం మాటేలే అని వదిలేయడానికి నాకు మనసొప్పదు. జరిగినదానికి మనం చెప్పుకునే కారణం అక్కడితో ఊరుకోదండీ. రేపు పొద్దున మళ్లీ పుస్తకం తీస్తామా, తోటలోకి పోతామా, అంతా కట్టిపెట్టి ముసుగు తన్నుతామా అన్నది ఆ కారణమే తేలుస్తుంది. అందుకే దాని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలనిపించింది.

కర్ణుడి చావుకు కారణాలెన్నో అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వరసపెట్టి చెప్పుకుంటూ పోతే తరగవు. పరశురాముడి శాపం, పొరపాటున ఆవును చంపినందుకు బ్రాహ్మడి శాపం, ఇంద్రుడికి దానమిచ్చేసిన కవచకుండలాలు, కుంతికిచ్చిన మాట, అర్జునుడి కోసం దాచుకుని చివరికి ఘటోత్కచుడి మీద ప్రయోగించాల్సి వచ్చిన శక్తి, సారథిగా కూర్చుని అడుగడుగునా మనసు విరిచిన శల్యుడు. ఇన్ని తోసుకొచ్చిన చోట రథచక్రం నేలలో దిగబడింది. అప్పుడు కర్ణుడు ధర్మాన్నే నిందిస్తాడు. ధర్మాన్ని నమ్ముకున్నవాణ్ని ధర్మం కాపాడుతుందంటారే, మరి నన్ను కాపాడటం లేదేమని. చక్రం ఎత్తుకునేదాకా ఆగమని అర్జునుణ్ని అడిగేదీ ధర్మం పేరు మీదే. కృష్ణుడు బదులుగా పాత సంగతులు ఒక్కొక్కటే తీస్తాడు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన నాడు, అభిమన్యుణ్ని పదిమందీ చుట్టుముట్టి చంపిన నాడు నీ ధర్మం ఎటుపోయిందని నిలదీస్తాడు. కర్ణుడు సిగ్గుతో తలవంచుకుంటాడు తప్ప జవాబు చెప్పడు.

ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు గొప్పగా తోచేది ఒకటే. భారతం ఏ కారణాన్నీ కొట్టిపారేయదు. శాపమూ ఉంది, శల్యుడూ ఉన్నాడు, కర్ణుడు తన చేతులారా చేసుకున్నదీ ఉంది. ఓడిపోతున్నవాడు బయటివన్నీ చెబుతుంటే, ఎదుటి పక్షంవాడు లోపలివన్నీ చెబుతున్నాడు. ఇద్దరి మాటలూ కలిస్తే గానీ నిజం పూర్తికాదు.

మనస్తత్వ శాస్త్రంవాళ్లు ఈ విషయాన్ని పట్టించుకున్నది చాలా ఆలస్యంగా. ఫ్రిట్జ్ హైడర్ అనే ఆయన, ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు, 1958లో ఒక పుస్తకం రాశాడు. మామూలు మనుషులు కూడా ప్రతిదానికీ కారణం వెతుకుతూనే ఉంటారనీ, ఆ వెతికే తీరును శ్రద్ధగా చూడాలనీ ఆయన వాదం. తర్వాత బెర్నార్డ్ వైనర్ ఆ దారిలోనే ఇంకాస్త ముందుకెళ్లి మూడు ప్రశ్నలు పెట్టాడు. కారణం నాలో ఉందా, బయట ఉందా? అది ఎప్పటికీ అలాగే ఉండేదా, మారేదా? నా చేతిలో ఉన్నదా, లేనిదా? "లెక్కలు నాకు రావు" అన్నా, "ఈసారి నేను సరిగా చదవలేదు" అన్నా రెండూ తన మీద వేసుకున్న మాటలే. కానీ మొదటిదాంట్లో తలుపు మూసేసి ఉంది, రెండోదాంట్లో తెరిచే ఉంది. తెలివి లేదనుకున్నవాడికి చేయడానికేమీ మిగలదు. చదవలేదనుకున్నవాడికి రేపు పొద్దున పనుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు జరిగింది గుర్తుందా మీకు? మార్కుల నమోదులో, ఫలితాల తయారీలో తప్పులు దొర్లాయి. ఒకమ్మాయికి తెలుగులో సున్నా అని వచ్చింది. మళ్లీ చూస్తే ఆ పిల్లకు వచ్చినవి 99. ఫెయిలైనవాళ్లందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది, వెయ్యిమందికి పైగా పాసయ్యారు. అయితే ఆ పరిశీలన పూర్తయ్యేలోపే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి.

వాళ్లందరి మార్కులూ తప్పని నేననను. నన్ను కలచివేసేది వేరే. తెర మీద ఒక అంకె కనిపించగానే పదిహేడేళ్ల బిడ్డ దానికి తానే కారణమని నమ్మేసింది. కంప్యూటరు తప్పు చేసి ఉండొచ్చు, దిద్దిన మాస్టారు పేజీ తిప్పకుండా వదిలేసి ఉండొచ్చు, ఏడాదంతా ఆ సబ్జెక్టుకు లెక్చరరే లేకపోయి ఉండొచ్చు, నిజంగానే ఆ రోజు సరిగా రాయకపోయి ఉండొచ్చు. ఇన్నిట్లో ఒక్కటీ ఆ క్షణాన తోచలేదు. తోచింది "నేను పనికిరాను" అన్న ఒక్క కారణమే. అది లోపలిది, మారనిది, చేతిలో లేనిది. వైనర్ అడిగిన మూడు ప్రశ్నలకూ అన్నిటికంటే చెడ్డ జవాబు. ఆ జవాబు ఆ పిల్లకు పుట్టుకతో రాలేదండీ. పదేళ్లుగా మార్కుల కాగితం చేత్తో పట్టుకుని మనం అన్న మాటల్లోంచి వచ్చింది. ఫలితాల రోజున ఇంట్లో పెద్దవాళ్లు అనే మొదటి మాటకు ఎంత బరువుంటుందో ఇంతకంటే నేను చెప్పలేను.

అన్నీ బయటికి నెట్టేస్తే సరిపోతుందా అంటే, దానికి మిర్చి తోటల సంగతి చెప్పాలి.

2021-22 సీజన్లో గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేసింది. మన తోటలకు ఇది కొత్త పురుగు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరు వైపు బొప్పాయి మీద. రైతుకు తెలిసిన పాత తామర పురుగైతే ఆకు పైకి ముడుచుకుంటుంది, పైముడత వచ్చిందని ఇట్టే పోల్చుకుంటారు. ఈ కొత్తది పువ్వులోనే దూరింది. పువ్వు కోసి తెల్లకాగితం మీద తడితే నల్లటి నలుసుల్లాంటివి పాకుతూ కనిపించేవి. పూత నిలవలేదు. పూత నిలవకపోతే కాయ ఎక్కడిది? ఎకరాకు లక్ష దాటిన పెట్టుబడి, దాని మీద కౌలు. కంగారులో నాలుగు మందులు కలిపి మరీ పిచికారీ చేశారు. దాంతో ఈ పురుగును తినే మిత్ర పురుగులు చచ్చాయి, ఇది పెరిగింది.

మాకు బాబాయి వరసయ్యే ఒకాయన కౌలుకు తీసుకున్న మూడెకరాలు పీకించేశాడు. ఎప్పుడు కదిలించినా ఒకటే మాట: "నాదేరా తప్పు. పక్క చేలో కొట్టిన రెండ్రోజులకు గానీ నేను మందు కొట్టలేదు." ఆ పక్క చేనాయన వేళకే కొట్టాడు. ఆయన తోటా పోయింది. ఆ సంగతి బాబాయికీ తెలుసు. తెలిసీ నేరం నెత్తిన వేసుకుని నిద్రలేకుండా తిరిగాడు. ఆయన తమ్ముడిది ఇంకో తీరు. "కాలం బాలేదు, ఏం చేసినా ఇంతే" అని స్ప్రేయరు అమ్మేసి హైదరాబాదు వెళ్లిపోయాడు, అపార్టుమెంటు వాచ్‌మన్‌గా. కాలమన్న మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆ మాటే లేకపోతే మనిషి ఏం పట్టుకుని నిలబడతాడు?

అదే ఊళ్లో ఒక పెద్దామె ఉంది, ఎకరంన్నర సొంత చేను. తోట పోయిన తర్వాత ఆమె చేలన్నీ తిరిగింది. ఎవరి చేలో కాస్త పూత నిలిచిందో చూసి, "నువ్వేం చేశావయ్యా?" అని అడుగుతూ పోయింది. నీలి రంగు జిగురు అట్టలు ముందే కట్టినవాళ్లు, చుట్టూ మొక్కజొన్న వరసలు వేసినవాళ్లు, మందు మీద మందు కొట్టనివాళ్లు కాస్త నయంగా ఉన్నారని తెలుసుకుంది. మరుసటి ఏడాది మిర్చి అరెకరానికి తగ్గించి ఆ మూడూ చేసింది. పెట్టుబడి చేతికొచ్చింది. తోట పోవడం ఆమె తప్పని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. అలాగని ఆకాశం వంక చూస్తూ కూర్చోనూ లేదు. పురుగు తన చేతిలో లేదు, అట్టలు కట్టడం తన చేతిలో ఉంది. ఈ రెండిటినీ విడదీసి చూడగలగడం చదువుకున్నవాళ్లలో కూడా అందరికీ ఉండదు.

మనవాళ్లలో ఆ చూపు లేకపోలేదని గట్టిగా చెప్పే ఒక పరిశోధన మన పక్క రాష్ట్రంలోనే జరిగింది, మైసూరులో. జోన్ మిల్లర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో దాన్ని ప్రచురించింది. చికాగోలోనూ మైసూరులోనూ పెద్దవాళ్లనూ పిల్లలనూ కూర్చోబెట్టి, మీకు తెలిసినవాళ్లు చేసిన మంచి పనులూ చెడ్డ పనులూ చెప్పండి, ఎందుకలా చేశారో కూడా చెప్పండి అని అడిగింది. మైసూరువాళ్లు చెప్పినవాటిలో ఒక లాయరు కథ ఉంది. మోటారు సైకిలు మీద వెనక ఒకర్ని కూర్చోబెట్టుకుని కోర్టుకు వెళుతుంటే వెనక టైరు పేలింది. వెనకున్న మనిషి పడి తలకు దెబ్బ తగిలింది. లాయరు అతన్ని ఆసుపత్రిలో దింపి, దెబ్బ ఎంత తీవ్రమో డాక్టరుతో మాట్లాడకుండానే కోర్టుకు వెళ్లిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు.

ఇదే కథ చికాగోవాళ్లకు చెబితే చాలామంది లాయరు గుణం చెడ్డదన్నారు. బాధ్యత లేనివాడు, తన పని తప్ప పట్టనివాడు అని. మైసూరువాళ్లు ఎక్కువగా పరిస్థితి చూశారు. కోర్టులో కక్షిదారు ఎదురుచూస్తుంటాడు, ఆ పూట వెళ్లడం ఆయన ధర్మం, దెబ్బ పైకి అంత పెద్దగా కనిపించలేదేమో అన్నారు. ఇంకో సంగతి: రెండు ఊళ్లలోనూ చిన్నపిల్లలు దాదాపు ఒకేలా మాట్లాడారు. వయసు పెరిగేకొద్దీ చికాగో పిల్లలు మనిషి గుణం వైపు జరిగారు, మైసూరు పిల్లలు పరిస్థితి వైపు జరిగారు. అంటే కారణం ఎక్కడ వెతకాలన్నది పిల్లలకు మనం నేర్పేదే.

కన్నడిగులకూ మనకూ ఈ విషయంలో పెద్ద తేడా ఉందని నేననుకోను. పంచాయతీలో ఎవరిమీదైనా ఫిర్యాదొస్తే "వాడి బాధలేంటో కనుక్కుందాం ముందు" అనే పెద్దమనిషి మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. ఊళ్లో తాగుబోతుకు కూడా దక్కే ఆ ఓపిక, ఫలితాల రోజున కన్నబిడ్డకు దక్కకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక మెచ్చుకోలు సంగతి. తిట్టే పాడుచేస్తుందనుకుంటాం. గెలుపుకు తప్పు కారణం చెప్పినా అంతే నష్టం. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకు బొమ్మల పజిళ్లు ఇచ్చారు. బాగా చేశాక కొందరితో "నువ్వు భలే తెలివైనదానివి" అన్నారు, కొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చారు. అందరూ తడబడ్డారు. మూడోసారి మళ్లీ మొదటివాటి లాంటివే ఇస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టపడ్డారనిపించుకున్నవాళ్లు ఎక్కువ చేశారు. తమ మార్కుల గురించి వేరే పిల్లలకు రాయమంటే, తెలివైనవాళ్లన్న గుంపులో నూటికి 38 మంది ఎక్కువ వేసి రాశారు, రెండో గుంపులో 13 మంది. పదేళ్ల పిల్లలు అబద్ధం ఎందుకు రాశారు? గెలుపుకు కారణం తెలివైతే, ఓటమికి కారణం తెలివి లేకపోవడమేనని వాళ్లే లెక్క వేసుకున్నారు కనుక. ఆ మాట బయటపడటం కంటే నాలుగు మార్కులు కలిపి రాయడమే మేలనిపించింది.

పల్లెటూరి బళ్లో తెలుగులో చదువుకుని, జిల్లా ఫస్టు వచ్చి, నగరంలో ఇంజనీరింగు కాలేజీలో చేరిన పిల్లల్ని చాలామందిని చూశాను. మొదటి సెమిస్టరులో రెండు బ్యాక్‌లాగులు. అప్పటిదాకా ఊరంతా తెలివైనవాడు అన్నది. ఇప్పుడేమో పాఠం ఇంగ్లీషులో గంటన్నరలో అయిపోతుంది, హాస్టలు గదిలో నలుగురు, ఇంటి నుంచి ఫోనొస్తే "బాగానే ఉన్నా నాన్నా" అనడం. ఆ రోజుల్లో ఒక సీనియరు వచ్చి మంచం మీద కూర్చుని, "నాకూ ఫస్ట్ సెమ్‌లో మూడు పోయాయిరా, థర్డ్ సెమ్‌లో క్లియర్ చేశా. మాథ్స్‌కి ఆ పుస్తకం వద్దు, ఇది చదువు" అంటే చాలు. ఇది ఉత్త ఊరడింపు కాదు. తిమోతీ విల్సన్, ప్యాట్రీషియా లిన్‌విల్ 1982లో సరిగ్గా ఇదే చేసి చూపించారు. మొదటి ఏడాది మార్కులు తక్కువొచ్చి దిగులు పడుతున్న నలభై మంది దాకా విద్యార్థుల్ని తీసుకుని, సగంమందికి మొదటి ఏడాది చాలామందికి అలాగే ఉంటుందనీ తర్వాత పెరుగుతాయనీ చెప్పారు, అలా పెరిగిన సీనియర్ల వీడియోలు చూపించారు. రెండో ఏడాది చివరికి చూస్తే, ఆ మాట వినని వాళ్లలో నూటికి 25 మంది చదువు వదిలేశారు. విన్నవాళ్లలో నూటికి అయిదుగురే. చిన్న ప్రయోగమే కావచ్చు, కానీ హాస్టళ్లలో ఉన్నవాళ్లెవరికీ ఇది ఆశ్చర్యం అనిపించదు.

ఓటమి గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. గెలుపు లెక్క తేల్చడం నిజానికి ఇంకా కష్టం, ఎందుకంటే గెలిచినవాణ్ని ఎవరూ కారణాలడగరు, దండ వేస్తారంతే. కురుక్షేత్రం ముగిసిన సాయంత్రం కృష్ణుడు ఎన్నడూ లేనిది అర్జునుణ్ని ముందు రథం దిగమంటాడు. గాండీవం, అంబుల పొదులు తీసుకుని అర్జునుడు దిగుతాడు. తర్వాత కృష్ణుడు దిగుతాడు. జెండా మీది హనుమంతుడు మాయమవుతాడు. మరుక్షణం రథం మంటలు లేచి బూడిదైపోతుంది. ద్రోణుడి అస్త్రాలకూ కర్ణుడి అస్త్రాలకూ అది ఎప్పుడో కాలిపోవాల్సిందేననీ, తాను కూర్చుని ఉండటం వల్లే ఇంతకాలం నిలిచిందనీ కృష్ణుడు చెబుతాడు. అర్జునుడి విలువిద్య అబద్ధమైపోలేదు. దాని కింద ఏది నిలబడి ఉందో మాత్రం అతను కళ్లారా చూశాడు.

మన ఇళ్లల్లో ఆ రథం మీద కూర్చున్నది చాలాసార్లు ఒక అక్క. ఇద్దర్ని చదివించలేమని పదో తరగతితో ఆమె బడి మాన్పిస్తారు. ఆమె కూలికి పోతుంది, మిషను కుడుతుంది, తమ్ముడికి ఫీజు కడుతుంది. వాడు అమెరికా వెళతాడు. "కసి ఉంటే ఎవరైనా సాధించొచ్చు" అని ఊళ్లో పిల్లలకు చెబుతాడు. వాడికి కసి ఉన్న మాట నిజమే. అక్కకూ ఉండేది, బహుశా ఇంకాస్త ఎక్కువే. ఆమె కసికి ఫీజు కట్టినవాళ్లు లేరు. తమ్ముడు చెప్పిన కారణం విని, ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఫీజు కట్టలేనివాళ్లు తమకు కసి లేదు కాబోలు అనుకుని ఇంటికి పోతారు. నాకు కోపం వచ్చేది అక్కడ.

దీనికి పూర్తిగా వేరుగా మాట్లాడిన అమ్మాయిని ఒకసారి విన్నాను. డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, తాను చదివిన బళ్లోనే సన్మానం. శాలువా కప్పాక, ఎలా సాధించావో పిల్లలకు చెప్పమ్మా అన్నారు. ఆమె కాగితం చూడకుండా వరసగా చెప్పింది. మా వదిన నా బిడ్డను చూసుకుంది, ఆవిడ లేకపోతే పుస్తకం పట్టేదాన్నే కాదు. కోచింగుకు పోలేదు, లైబ్రరీలో పాత పేపర్లు పదేళ్లవి చేశాను. సైకాలజీలో మొదటిసారి మార్కులు పోయాయి, అందుకని రెండోసారి దానికి రోజూ ఒక పూట కేటాయించాను. నా షిఫ్టులో సోషల్ ప్రశ్నలు నేను చదివినచోటే పడ్డాయి, అది మాత్రం అదృష్టమే. నాతో చదివిన అమ్మాయికి ఇంకో షిఫ్టు పడింది, రెండు మార్కుల్లో పోయింది, నాకంటే బాగా చదివే పిల్ల.

"అదంతా ఎందుకమ్మా ఇప్పుడు" అన్నారు వేదిక మీద ఒక పెద్దాయన, ఆప్యాయంగానే.

"వీళ్లూ రాస్తారు కదండీ" అంది ఆ అమ్మాయి.

సభ అయిపోయాక పిల్లలు ఆమె చుట్టూ మూగారు. ఎన్ని మార్కులొచ్చాయని ఒకరిద్దరు అడిగారు. మిగిలినవాళ్లు ఆ లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారనీ, పాత పేపర్లు ఇంటికి ఇస్తారా అక్కడే చదవాలా అనీ అడిగారు. వెనక నిలబడ్డ ఒక తల్లి మాత్రం, ఆ రెండు మార్కుల్లో పోయినమ్మాయి మళ్లీ రాస్తోందా అని అడిగింది. రాస్తోందని చెప్పి, ఆమె ఫోను తీసి ఆ స్నేహితురాలికి కలిపింది.